చేతితో చుట్టే యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్: పని, పరీక్ష, బాధ్యత
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో చదువుల గురించి, వైద్యం గురించి మాట్లాడేవారు ఎక్కువ. మమ్మల్ని మాత్రం మా పని గురించే చెప్పమన్నారు. మేము ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాళ్ళం. కరెంటు స్తంభాల మీద ఉండే పెద్దవి కావు. మైకుసెట్టులోనో, ఇంట్లో పాటలు వినే యాంప్లిఫయర్‌లోనో ఒక మూల బరువుగా కూర్చుని ఉండే ఇనుప ముద్ద ఉంటుందే, అది మా పని. దానిని ఎలా లెక్క కడతారో, ఎలా చుట్టుతారో, చుట్టేవాడి మీద ఎంత బాధ్యత ఉంటుందో మాకు తెలిసినంత చెబుతాం.

గోడ ప్లగ్గులో వచ్చేది 230 ఓల్టులు. యాంప్లిఫయర్‌లోని ట్రాన్సిస్టర్లకు, ఐసీలకు కావలసింది 20, 30 ఓల్టులు. ఎక్కువ ఓల్టేజిని తక్కువ చేయడం ట్రాన్స్‌ఫార్మర్ చేసే మొదటి పని. ఇది చాలామందికి తెలుసు. రెండో పని గురించి అంతగా తెలియదు. గోడలోంచి వచ్చే కరెంటుకూ మనిషి చెయ్యి తగిలే భాగాలకూ మధ్య అది అడ్డుగోడగా నిలుస్తుంది. లోపల రెండు తీగచుట్టలు ఉంటాయి. గోడ వైపుది ప్రైమరీ, యాంప్లిఫయర్ వైపుది సెకండరీ. ఈ రెండూ ఎక్కడా ఒకదాన్నొకటి తాకవు. శక్తి ఇనుములోని అయస్కాంతత్వం ద్వారా ఇటు దాటుతుంది గాని తీగ గుండా కాదు.

ఆ అడ్డుగోడ ఎందుకో ఆలోచించండి. మైకు పిడి లోహం. ఆ లోహం వైరు ద్వారా యాంప్లిఫయర్ బాడీకి కలిసి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ లోపల ప్రైమరీ తీగ సెకండరీకి గాని ఇనుముకు గాని తగిలిందంటే, బాడీకి సరైన ఎర్తు కూడా లేకపోతే, 230 ఓల్టులు నేరుగా మైకు పట్టుకున్న చేతికి వస్తాయి. ఫజ్ర్ వేళ వజూ చేసి, తడి ఆరని చేతులతో మైకు పట్టుకునే ముఅజ్జిన్, ఆగస్టు 15న బడిలో పాట పాడే పిల్ల, పెళ్ళి పందిట్లో పేర్లు చదివే పెద్దమనిషి, అందరూ ఆ గోడను నమ్ముకునే మైకు పట్టుకుంటున్నారు. దాన్ని కట్టేది మాలాంటి వాళ్ళం. అందుకే ఈ పని చిన్నదని మేము అనుకోము.

ఈ విద్య మొదలైన తీరు కూడా పిల్లలు తెలుసుకోదగినది. 1831 ఆగస్టు 29న లండన్‌లో మైకేల్ ఫారడే ఒక ఇనుప ఉంగరానికి రెండు వైపులా రెండు రాగి తీగచుట్టలు చుట్టాడు. ఒక చుట్టకు బ్యాటరీ తగిలించినప్పుడూ తీసినప్పుడూ రెండో చుట్టకు కలిపిన సూది కదిలింది. ట్రాన్స్‌ఫార్మర్‌కు మూలం అదే. ఆ ఉంగరం ఇప్పటికీ లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉంది. అప్పట్లో ఇప్పటిలా ఎనామిల్ పూత ఉన్న తీగ దొరికేది కాదు. తీగకూ తీగకూ మధ్య దారం పెట్టి, వరసకూ వరసకూ మధ్య నూలు గుడ్డ వేసి తన చేతులతోనే చుట్టాడు. అంటే మొదటి ట్రాన్స్‌ఫార్మర్ కూడా చేతితో చుట్టిందే.

ఫారడే కమ్మరి కొడుకు. పెద్ద చదువు చదవలేదు. పుస్తకాలు బైండింగు చేసే దుకాణంలో ఏడేళ్ళు పని నేర్చుకున్నాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలనే చదువుకున్నాడు. 1812లో ఆ దుకాణానికి వచ్చే ఒక ఖాతాదారు, హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త ఉపన్యాసాలకు అతనికి టికెట్లు ఇచ్చాడు. ఆ ఉపన్యాసాలు విని రాసుకున్న నోట్సును బైండింగు చేసి డేవీకే పంపాడు. మరుసటి ఏడాది డేవీ దగ్గర సహాయకుడుగా చేరాడు. కొన్ని టికెట్లు ఇచ్చిన ఆ ఖాతాదారు ఎంత పెద్ద మేలు చేశాడో చూడండి. ఆ తర్వాత 1885లో హంగేరీలోని బుడాపెస్టులో జిపర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ అనే ముగ్గురు ఇంజనీర్లు, ఇనుము చుట్టూ పూర్తిగా మూసుకున్న ట్రాన్స్‌ఫార్మర్‌ను వాడకానికి పనికివచ్చేలా తయారు చేశారు. ఈనాటి మన పని ఆ దారిలోదే.

రెడీమేడ్‌వి బజారులో దొరుకుతుంటే చేతితో చుట్టడం ఎందుకని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 12-0-12 ఓల్టుల మామూలు ట్రాన్స్‌ఫార్మర్ కావాలంటే హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి కొనుక్కోవడమే మేలు. కొత్తగా వచ్చే సెట్లలో చాలావాటికి ఈ ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉండనే ఉండదు. తేలికైన స్విచింగు సప్లయి వస్తుంది. ఈ మాట దాచి పిల్లలకు ఆశలు పెట్టడం మంచిది కాదు. అయినా చేతిపనికి మూడు చోట్ల అవసరం ఉంది. ఒకటి, పాత సెట్టులో కాలిపోయినదాని స్థానంలో అదే కొలత, అవే ఓల్టులు బజారులో దొరకనప్పుడు. రెండు, సొంతంగా యాంప్లిఫయర్ కట్టుకునేవారు ప్రత్యేకమైన ఓల్టేజి కోరినప్పుడు. మూడు, వాల్వు సెట్ల అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లకు. వీటితో పాటు, ఈ పని చేతికి వచ్చినవాడు స్టెబిలైజరు, సీలింగు ఫ్యాను, బోరు మోటారు వైండింగు తొందరగా పట్టుకుంటాడు. మన ఊళ్ళలో నిజమైన గిరాకీ అక్కడే ఉంది. కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్‌ను వైండింగు పనికి అక్షరాభ్యాసం అనుకోవచ్చు.

ఇక లెక్కలోకి వద్దాం. ఒక ఉదాహరణ తీసుకుంటాం. రెండు స్పీకర్లకు చెరి 25 వాట్లు ఇచ్చే స్టీరియో యాంప్లిఫయర్, 8 ఓముల స్పీకర్లు. 25 వాట్లను 8తో గుణించి రెట్టింపు చేస్తే 400. దాని వర్గమూలం 20. అంటే స్పీకరు దగ్గర శిఖరం 20 ఓల్టులు. ట్రాన్సిస్టర్లలో పోయేది, లోడు మీద తగ్గేది కలుపుకుంటే అటూ ఇటూ 24, 25 ఓల్టుల డీసీ కావాలి. 18-0-18 ఓల్టుల సెకండరీ దీనికి సరిపోతుంది. డయోడ్లు, కండెన్సర్లు దాటాక 18 ఓల్టుల ఏసీ సుమారు 24 ఓల్టుల డీసీ అవుతుంది. కరెంటు 3 ఆంపియర్లు అనుకుందాం. 36 ఓల్టులు, 3 ఆంపియర్లు, మొత్తం 108 వోల్టాంపియర్లు.

ఇనుము ఎంత కావాలి? 108కి వర్గమూలం సుమారు 10.4. దాన్ని 1.15తో గుణిస్తే 12 చదరపు సెంటీమీటర్లు. ఇ, ఐ ఆకారంలో ఉండే స్టాంపింగు రేకుల్లో నడిమి కాలు 32 మిల్లీమీటర్లు ఉన్నవి తీసుకుని, 40 మిల్లీమీటర్ల మందం పేర్చాలి. రేకుల మధ్య పూత మందం తీసేస్తే నికరంగా 12.2 చదరపు సెంటీమీటర్లు వస్తుంది.

తర్వాత, ఓల్టుకు ఎన్ని చుట్లు? మన 50 సైకిళ్ళ కరెంటుకు 45 అనే అంకె గుర్తుపెట్టుకుంటే చాలు. దాన్ని కోర్ వైశాల్యంతోనూ, ఇనుములో మనం ఒప్పుకునే అయస్కాంత సాంద్రతతోనూ భాగించాలి. మంచి రేకైనా సరే, యాంప్లిఫయర్లకు మేము 1.1 టెస్లా దాటనివ్వం. 45ను 1.1తో, 12.2తో భాగిస్తే 3.35. దాన్ని 3.4గా తీసుకుంటాం. ప్రైమరీ 230 ఓల్టులకు 782 చుట్లు. సెకండరీలో 18 ఓల్టులకు 61 చుట్లు వస్తాయి. లోడు మీద ఓల్టేజి తగ్గుతుంది కాబట్టి 5 శాతం కలిపి 64 చేస్తాం. అలాంటివి రెండు.

1.1 దగ్గరే ఎందుకు ఆగుతాం? చుట్లు తగ్గిస్తే తీగ మిగులుతుంది, పని త్వరగా తెములుతుంది. బేరం చేసేవారికి తక్కువ ధర చెప్పవచ్చు. కానీ సప్లయిలో ఎప్పుడూ 230 ఉండదు. 10 శాతం పెరిగితే 253 ఓల్టులు. ఊరంతా నిద్రపోయాక లోడు తగ్గి ఓల్టేజి పెరుగుతుంది. అప్పుడు 1.1 కాస్తా 1.2 అవుతుంది. అంతవరకు ఇనుము తట్టుకుంటుంది. ముందే అంచు దాకా లెక్క కట్టిన ట్రాన్స్‌ఫార్మర్ అయితే ఆ సమయంలో మోత పెడుతుంది, వేడెక్కుతుంది, చుట్టూ అయస్కాంతపు చెదురు వదిలి స్పీకర్లలో గుయ్‌మనే శబ్దం తెస్తుంది. పగలు దుకాణంలో చూసినప్పుడు మాత్రం అన్నీ బాగానే కనిపిస్తాయి.

తీగ మందం. చదరపు మిల్లీమీటరుకు 2.5 ఆంపియర్లు అనే లెక్క నమ్మదగినది. సెకండరీకి 18 గేజి, అంటే 1.22 మిల్లీమీటర్లు. ప్రైమరీలో ప్రవహించేది సుమారు 0.52 ఆంపియరు కాబట్టి 25 గేజి, అంటే 0.51 మిల్లీమీటరు. ఈ రేకుల కిటికీ వెడల్పు 16 మిల్లీమీటర్లు. బాబిన్, రెండు చుట్టలు, మధ్య కాగితాలు కలిపి 15 దాకా వస్తాయి. తీగ బిగువుగా, వరసగా పడితేనే సరిపోతుంది. వదులుగా చుట్టినవాడికి చివర్లో రేకులు ఎక్కవు. అప్పుడు కాగితాలు తగ్గించాలన్న ఆలోచన వస్తుంది. ప్రమాదం మొదలయ్యేది అక్కడే. చోటు చాలకపోతే పెద్ద రేకులు తీసుకోవాలి గాని కాగితం తీయకూడదు.

చుట్టే పద్ధతి చెబుతాం. బాబిన్‌ను చేతిమిషను ఇరుసుకు బిగిస్తాం. చుట్లు లెక్కపెట్టే మీటరు సున్నా మీద ఉందో లేదో చూస్తాం. మొదటి కొసకు స్లీవు తొడుగుతాం. వరసకు సుమారు 75 చుట్ల చొప్పున ప్రైమరీ 11 వరసలు అవుతుంది. ప్రతి వరస మీద పలుచని కాగితమో మైలారో వేస్తాం. పక్క పక్క వరసల కొసల మధ్య 40 ఓల్టులకు పైగా తేడా ఉంటుంది. ఎనామిల్ మీద ఎక్కడైనా గీత పడి ఉంటే ఆ కాగితమే కాపాడుతుంది. తీగ అంచుల దగ్గర కింది వరసలోకి జారకూడదు. జారిన ఒక్క చుట్టు కాగితం వేసిన ప్రయోజనమంతా పోగొడుతుంది.

ప్రైమరీ పూర్తయ్యాక అసలైన గోడ కట్టాలి. ఇక్కడ ఒక పొర చాలదు. కనీసం మూడు పొరల మైలారు, దానిపైన లెదరాయిడ్ కాగితం, రెండు అంచులా బాబిన్ గోడల మీదికి కాస్త లేచేలా వేయాలి. మంచి యాంప్లిఫయర్ అయితే ఈ పొరల మధ్య ఒక రాగి రేకు చుట్టి ఎర్తుకు కలుపుతాం. దాన్ని స్క్రీన్ అంటారు. లైనులో వచ్చే చిటపటలను అది సెకండరీకి చేరకుండా ఆపుతుంది. దాని రెండు కొసలు మాత్రం ఒకదాన్నొకటి తాకకూడదు. కొస మీద కొస వచ్చేచోట మధ్యలో కాగితం ఉండాలి. తాకితే అది మూసుకున్న ఒక చుట్టు అయిపోతుంది.

ఒక్క చుట్టు మూసుకుంటే ఏమవుతుందని పిల్లలు అడుగుతుంటారు. ఈ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక చుట్టుకు వచ్చేది 0.3 ఓల్టు మాత్రమే. వినడానికి అదేమీ కాదు. అయితే సెకండరీ లావు తీగలో ఒక చుట్టు నిరోధం ఓములో 300వ వంతు. 0.3 ఓల్టుకే పదుల ఆంపియర్లు అందులో తిరుగుతాయి. ఆ చుట్టు ఎర్రబడి పక్కవాటి ఎనామిల్‌ను కాలుస్తుంది, అవి కలుస్తాయి, అలా మొత్తం పోతుంది. వందల చుట్లు సరిగా ఉండి ఒక్కటి తప్పినా పనికిరాకపోవడం ఈ పనిలోని కష్టం.

సెకండరీకి రెండు తీగలను జతగా పట్టి ఒకేసారి చుట్టుతాం. వరసకు 16 జతలు, నాలుగు వరసలు, మొత్తం 64. విడివిడిగా చుట్టితే కింద పడినది పొట్టిగా, పైన పడినది పొడుగ్గా అయి రెండు భాగాల నిరోధం వేరవుతుంది. జతగా చుట్టితే రెండూ సమానం. తర్వాత మొదటి తీగ చివరను రెండో తీగ మొదలుకు కలిపితే అది మధ్య కొస. కొసలు తారుమారైతే 36 ఓల్టులు రావలసిన చోట సున్నా చూపుతుంది. మీటరు పెట్టి చూడనిదే యాంప్లిఫయర్‌కు కలపకూడదు.

ఆ తర్వాత రేకులు ఒకటి అటు నుంచి, ఒకటి ఇటు నుంచి ఎక్కించాలి. చివరి రేకులు కష్టపడి ఎక్కుతాయి. సుత్తితో కొడితే బాబిన్ పగిలి తీగ గీసుకుంటుంది. చెక్కముక్క పెట్టి మెల్లగా తట్టాలి. బోల్టులు బిగించి, వెచ్చబెట్టి తేమ తీసి, వార్నిషులో ముంచి ఆరబెట్టాలి. ఇనుములో మోత సెకనుకు 100 సార్ల కంపనం. రేకులు వదులుగా ఉంటే అది చెవికి వినిపిస్తుంది. మన వానాకాలపు తేమను బయట ఉంచేది కూడా వార్నిషే.

ఇప్పుడు తీగ సంగతి. రాగికి బదులు అల్యూమినియం తీగ వస్తోంది. పైన ఎర్రటి ఎనామిల్ ఉంటే చూపుకు రెండూ ఒకటే. అల్యూమినియం వాడడమే నేరమని మేము అనడం లేదు. దానికి తగినట్టు లావు తీగ వేసి, అల్యూమినియమని చెప్పి అమ్మితే అదొక పద్ధతి. రాగి గేజిలోనే అల్యూమినియం వేసి రాగి ధర తీసుకోవడం మోసం. అదే మందంలో అల్యూమినియం నిరోధం రాగికి 1.6 రెట్లు, అంత మేర వేడి ఎక్కువ. అతుకు దగ్గర టంకం కూడా సరిగా పట్టదు. కనిపెట్టడం కష్టం కాదు. కొసను బ్లేడుతో గీకితే తెల్లగా కనిపిస్తుంది. రాగి పూత పూసిన అల్యూమినియం అయితే గీకినా ఎర్రగానే ఉంటుంది, దాన్ని తుంచి నడుమ చూడాలి. వీటన్నిటికంటే తూకం మేలు. అల్యూమినియం బరువు రాగిలో మూడో వంతుకు తక్కువ. మనం లెక్క కట్టిన ఈ ట్రాన్స్‌ఫార్మర్‌కు అరకిలోకు పైగా రాగి పడుతుంది. చుట్టకముందు బాబిన్‌ను, చుట్టాక బాబిన్‌ను తూచి చీటీ మీద రాస్తే ఎవరికీ అనుమానం ఉండదు. తూకంలో మోసం చేయవద్దని మనకు చిన్నప్పుడే చెప్పారు. ఈ పనిలో తూకం తీగలో ఉంది.

ఇక హారన్ గురించి ఒక మాట, ఎందుకంటే మస్జిదులకు, బడులకు మైకుసెట్లు కొనిచ్చే దాతలు ఈ సభలో ఉన్నారు. లైను మీద నడిచే హారన్ వెనక ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. 50 వాట్లను 8 ఓముల స్పీకరుకు నేరుగా పంపితే తీగలో 2.5 ఆంపియర్లు వెళ్ళాలి. అదే 100 ఓల్టుల లైనుగా పంపితే అర ఆంపియరు చాలు. కరెంటు ఐదో వంతు అయితే దూరపు తీగలో నష్టం 25వ వంతు అవుతుంది. సన్నని తీగతో వీధి చివర దాకా మాట వినపడేది అందుకే. 10 వాట్ల హారన్ ఆ లైనుకు 1000 ఓములుగా కనిపించాలి. 1000ని 8తో భాగిస్తే 125, వర్గమూలం 11.2. అదే చుట్ల నిష్పత్తి. 50 వాట్ల సెట్టుకు అలాంటివి ఐదు మాత్రమే తగిలించాలి. ఆరోది, ఏడోది తగిలించి సెట్టు కాలిందంటే దోషం చుట్టినవాడిది కాదు. ఈ చిన్నదానిలో చుట్లు తక్కువ వేస్తే లావు గొంతులు పగిలినట్టు వినిపిస్తాయి. తక్కువ స్థాయి ధ్వనికే ఎక్కువ చుట్లు కావాలి.

వాల్వు సెట్ల అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా సున్నితమైనది. రెండు ఈఎల్84 వాల్వుల జంటకు 8000 ఓముల లోడు పెడతారు. 8 ఓముల స్పీకరుతో నిష్పత్తి 1000, వర్గమూలం 31.6. లెక్క ఇంతే గాని, ప్రైమరీ ఒక ముద్దగా, సెకండరీ ఒక ముద్దగా చుట్టితే సన్నని స్వరాలు మసకబారతాయి. రెండింటినీ భాగాలు చేసి ఒకదాని మధ్య ఒకటి పొరలుగా చుట్టాలి. అందులో 300 ఓల్టులకు పైగా డీసీ ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారిని మేము దాని దగ్గరికి పంపం. ముందు వంద సప్లయి ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టనివ్వాలి.

చుట్టడం అయిపోయాక పరీక్షలు. మొదట సీరీస్ బల్బు. సెకండరీ కొసలు వేటికీ కలపకుండా, 60 వాట్ల బల్బు వరసలో పెట్టి ప్రైమరీకి కరెంటు ఇస్తాం. బల్బు బాగా వెలిగిందంటే లోపల చుట్టు కలిసినట్టే. తర్వాత ఓల్టులు. మనం చుట్టినదానిలో లోడు లేకుండా ఒక్కో వైపు 18.8 చూపాలి. రెండు వైపులా సమానంగా ఉండాలి. మూడోది మెగ్గర్. 500 ఓల్టుల మెగ్గర్‌తో ప్రైమరీకీ సెకండరీకీ మధ్య, ప్రైమరీకీ ఇనుముకూ మధ్య, సెకండరీకీ ఇనుముకూ మధ్య చూస్తాం. 100 మెగా ఓములకు తక్కువ చూపినది మా దగ్గర నుంచి బయటికి వెళ్ళదు. నాలుగోది, గంటసేపు పూర్తి లోడు మీద నడపడం. లోపలి వేడి చేత్తో తాకితే తెలియదు. దానికి ఒక ఉపాయం ఉంది. చల్లగా ఉన్నప్పుడు ప్రైమరీ నిరోధం కొలిచి రాసుకోవాలి. గంట తర్వాత ప్లగ్గు తీసి వెంటనే మళ్ళీ కొలవాలి. రాగి నిరోధం ప్రతి 10 డిగ్రీలకు సుమారు 4 శాతం పెరుగుతుంది. 12 ఓములు ఉన్నది 14 అయిందంటే లోపల 40 డిగ్రీలకు కాస్త పైగా పెరిగిందన్నమాట. అంతవరకు ఫరవాలేదు.

ఇవన్నీ చేసినా రెండు పనులు మిగులుతాయి. ప్రైమరీలో ఒక ఆంపియరు నిదానపు ఫ్యూజు ఉండాలి. యాంప్లిఫయర్ బాడీ ఎర్తుకు కలవాలి. టెంటు హౌసుల ప్లగ్గుల్లో ఎర్తు పిన్ను విరిగి ఉండడం మీరూ చూసే ఉంటారు. గోడ ఎంత గట్టిదైనా దానికి తోడుగా ఎర్తు ఉండాలి.

పెద్ద ఫ్యాక్టరీలలో ఈ గోడను వేల ఓల్టులతో పరీక్షిస్తారు. మెగ్గర్ దానికి బదులు కాదు. ఆ యంత్రం ఒక్కొక్క చిన్న దుకాణం కొనుక్కోలేదు. ఇక్కడే దాతలకు మా మనవి. పని నేర్చిన పిల్లవాడికి చేతిమిషను ఇవ్వడం మంచిదే. కుట్టుమిషను లాగే అదీ ఒక ఇంటిని నిలబెడుతుంది. కానీ మిషను ఒక్కటే ఇవ్వకండి. దానితో పాటు తీగ మందం కొలిచే మైక్రోమీటరు, తూకం, మల్టీమీటరు, మెగ్గర్, సీరీస్ బోర్డు కూడా ఇవ్వండి. మిషను వేగం ఇస్తుంది, పరీక్ష పరికరాలు నమ్మకం ఇస్తాయి. ఊరికి ఒక పరీక్ష బల్ల ఉంటే, ఊళ్ళోని వైండర్లందరూ అక్కడికి తెచ్చి ఎక్కువ ఓల్టేజి పరీక్ష చేయించుకుని వెళ్ళవచ్చు. ఇది ఒక్కరికి చేసే సాయం కాదు. వాళ్ళు చుట్టినదాన్ని వాడే వందల ఇళ్ళకు చేసే సాయం.

పిల్లలకు ఒక మాట. మీరు చుట్టిన ప్రతిదాని మీద చీటీ అంటించండి. ఓల్టులు, ఆంపియర్లు, చుట్ల సంఖ్య, తీగ గేజి, రాగి బరువు, మెగ్గర్ చూపిన అంకె, తేదీ, మీ సంతకం. అవే వివరాలు నోటుబుక్కులో ఉంచుకోండి. పదేళ్ళ తర్వాత అది కాలి ఎవరి దగ్గరికి వెళ్ళినా, విప్పి చుట్లు లెక్కపెట్టే శ్రమ వాళ్ళకు తప్పుతుంది. రేకులు బిగించాక లోపల ఏముందో ఎవరూ చూడలేరు. చూడలేని దానికి సంతకం పెట్టగలిగినవాడినే మేము ఉస్తాద్ అంటాం.

దాతలకు, కమిటీ పెద్దలకు కూడా ఒక మాట. మీ మస్జిదులోనో బడిలోనో సెట్టు కాలి వైండింగుకు ఇచ్చినప్పుడు ధర ఒక్కటే అడగకండి. మూడు ప్రశ్నలు అడగండి. తీగ రాగేనా, తూకం ఎంత? మెగ్గర్ ఎంత చూపింది? బాడీకి ఎర్తు కలిపారా? ఈ మూడింటికీ జవాబు చెప్పేవాడు పది రూపాయలు ఎక్కువ అడిగితే ఇవ్వండి. మీరు అడగడం మొదలుపెడితే చుట్టేవాళ్ళు చెప్పడం మొదలుపెడతారు. తక్కువ ధరకు తక్కువ కాగితం వేసే అలవాటు బజారులో తగ్గేది అప్పుడే.

 ఎవరైనా పిల్లలు ఈ పని చూడాలనుకుంటే మా దగ్గరికి రావచ్చు. మిషను తిప్పి చూడవచ్చు. మొదటి బాబిన్‌కు తీగ మేమే ఇస్తాం, ఇన్‌షా అల్లాహ్.